ఆ నోటీసు గ్రూపులో పెట్టింది నేనే

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పర్లాకిమిడి. బరంపురంలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నాను. మొన్న తుపాను వస్తుందంటున్న రోజుల్లో మా యూనివర్సిటీ పేరుతో వాట్సాప్‌లో ఒక నోటీసు వచ్చింది. రేపటి నుంచి పరీక్షలు వాయిదా అని. లెటర్‌హెడ్, మెమో నంబరు, సంతకం, గుండ్రటి స్టాంపు అన్నీ ఉన్నాయి. మా తెలుగమ్మాయిల గ్రూపులో వేశాను. ఇద్దరు జూనియర్లు వాన ముదరకముందే వెళ్లిపోదామని ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరెళ్లిపోయారు. మర్నాడు పరీక్ష మామూలుగానే జరిగింది. వాళ్లకు ఒక పేపరు పోయింది. సంగతి తెలియగానే నేను ఆ మెసేజ్ డిలీట్ చేసేశాను. గ్రూపులో ఒకమ్మాయి ‘సైన్సు చదివేవాళ్లకి ఆ మాత్రం తెలీదా’ అని రాసింది. ఇంకొకరు పోలీసు కేసవుతుందన్నారు. అప్పటి నుంచి ఫోన్ మోగితే టెన్షన్. ఏదీ నమ్మబుద్ధి కావడం లేదు. అన్ని గ్రూపుల్లోంచీ బయటికొచ్చేద్దామనుకుంటున్నాను. ఇంకో బాధ మా నాన్నగారితో. రోజుకు పదిహేను, ఇరవై ఫార్వర్డులు పంపుతారు. తప్పని చెబితే ‘నాకు నేర్పేంత దానివయ్యావా’ అంటారు. ఆ నోటీసు కాపీ జత చేశాను. నేను ఎక్కడ పొరబడ్డానో చెప్పండి. పేరు వేయొద్దు.
— ఒక విద్యార్థిని, బరంపురం

జవాబు: అమ్మా, ముందు ఆ ఇద్దరమ్మాయిల సంగతి చూద్దాం. మిగతా చదువంతా తర్వాత.

మెసేజ్ డిలీట్ చేశానన్నావు. భయంతో చేశావని తెలుసు గానీ, ఈ మొత్తంలో నాకు ఎక్కువ పొరపాటుగా కనిపించింది అదే. నీ గ్రూపులోంచి అది మాయమైంది. అప్పటికే దాన్ని వేరే గ్రూపులకు పంపినవాళ్ల దగ్గర మాత్రం అలాగే ఉంది. పైగా అది తప్పని వాళ్లకు చెప్పే మనిషి లేకుండా పోయింది. తప్పు ఏ దారిన పోయిందో దిద్దుబాటూ ఆ దారినే పోవాలి. నేను ముప్పయ్యేళ్లు పత్రిక డెస్కులో పనిచేశాను. మొదటి పేజీలో పెద్దక్షరాలతో పడ్డ తప్పుకి ఏడో పేజీ మూలన చీమ తలకాయంత అక్షరాలతో సవరణ వేసేవాళ్లం. పాఠకులు ఉత్తరాలు రాసి మరీ తిట్టేవారు. న్యాయమే.

అంచేత ఇవాళే ఆ గ్రూపులో రాయి: ‘ఫలానా రోజు నేను పెట్టిన వాయిదా నోటీసు నకిలీది. కనుక్కోకుండా పంపాను, తప్పు నాది. మీరెవరికైనా పంపి ఉంటే వాళ్లకీ చెప్పండి.’ అక్కడితో ఆపు. ‘నాకూ వేరేవాళ్లే పంపారు’ అని కింద చేర్చావంటే రాసిందంతా నీళ్లపాలు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్లో ఒడియా చదువుకున్న పిల్లలు బరంపురంలో బోలెడుమంది. తెలుగు రాత కూడబలుక్కునేవాళ్లు మీ గ్రూపులోనూ ఉంటారు. వాళ్లకోసం అదే మాట వాయిస్‌గా కూడా పెట్టు.

తర్వాత ఆ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని పరీక్షల విభాగానికి వెళ్లు. అర్జీతో పాటు నోటీసు ప్రింటు, అది నీకు వచ్చిన టైము కనబడే స్క్రీన్‌షాట్, దాచి ఉంటే బస్సు టికెట్లు జతచెయ్యి. మళ్లీ పరీక్ష పెడతారని నేను ఆశ పెట్టను. బ్యాక్ పేపరే రాయాల్సి రావచ్చు. అలాగే అయితే ఆ పేపరు వాళ్లకు నువ్వు కూర్చోబెట్టి చెప్పు. సీనియర్‌వి, నీ నోట్సు ఎలాగూ ఉంటుంది. వంద సారీల కంటే అది వాళ్లకు పనికొస్తుంది.

కేసు సంగతి. విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక తయారుచేసి గానీ వ్యాప్తిచేసి గానీ జనంలో గాభరా పుట్టిస్తే ఏడాది దాకా జైలు లేదా జరిమానా అని 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ చెబుతుంది. జనాన్ని రెచ్చగొట్టే పుకార్లకు భారతీయ న్యాయ సంహితలో 353వ సెక్షన్ ఉంది. నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, చెడు ఉద్దేశం లేకుండా చెప్పినవాళ్లను ఆ సెక్షనే మినహాయిస్తుంది. మీ గ్రూపులో ఆ మాటన్న మనిషి ఇవేవీ చూసి అని ఉండదు, ఊరికే బెదిరించి ఉంటుంది. నువ్వు చేయాల్సింది ఒకటే. ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు, ఫోన్‌లో ఉన్నది చెరపకు.

ఇక ‘సైన్సు చదివేవాళ్లకి తెలీదా’ అన్న మాట. అది నీకు బాగా గుచ్చుకున్నట్టుంది. దానికి నా కథ ఒకటి చెబుతాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. గజపతి, గంజాం జిల్లాల్లో కొండవాగులు ఊళ్ల మీద పడ్డాయి. అప్పుడు నేను విశాఖలో ఉన్నాను. పొద్దున్నే ఎవరో ఫొటో పంపారు. ‘సోంపేటలో బస్సు మీద చెట్టు పడింది, లోపల జనం ఉన్నారు’ అని. మా మేనకోడలిని ఇచ్చింది సోంపేటకే. వెనకాముందూ చూడకుండా ఛత్రపురంలో ఉన్న మా చెల్లెలికి పంపేశాను. అమ్మాయికి ఫోన్ చేద్దామంటే టవర్లన్నీ పడిపోయాయి. మా చెల్లెలు ఆ పగలూ రాత్రీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మర్నాడు మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ‘మావయ్యా, ఆ ఫొటో పెద్దది చేసి చూశావా? బస్సు బోర్డు మీద ఉన్నది తమిళం’ అన్నాడు. చూశాను. తమిళమే. ముప్పయ్యేళ్లు ఇతరుల రాతల్లో తప్పులు వెతికి జీతం తీసుకున్నవాణ్ణి నేను.

చదువు లేక పొరబడ్డానా? లేదు. చెల్లెలి మీద ప్రేమ, పిల్ల మీద భయం, చేతిలో ఫోన్. నీ సంగతీ అంతే. తుపాను, పరీక్ష, జూనియర్ల మీద బాధ్యత. చదువుకున్నవాళ్లు మోసపోరన్నది ఉత్త మాట. వాళ్లు మోసపోయాక దాన్ని సమర్థించుకోవడానికి మంచి కారణాలు వెతుక్కుంటారు, అంతే తేడా. అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన 1,26,000 కథనాలను వరసపెట్టి చూసి 2018లో ‘సైన్స్’ పత్రికలో ఫలితం వేశారు. నిజం కంటే అబద్ధాన్ని జనం మరొకరికి పంపే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. కారణం వాటంతటవే పోస్టులు పంపే కంప్యూటర్ ప్రోగ్రాములు కాదట, మనుషులే. కొత్తగా, ఆశ్చర్యంగా ఉన్నదాన్ని పదిమందికీ ముందు మనమే చెప్పాలన్న ఉబలాటం. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనడం మన ఊళ్లో కొత్తేమీ కాదు గానీ, ఇప్పుడు ఆ దూడను అర నిమిషంలో రెండు వందల ఇళ్లలో కట్టేస్తున్నాం.

సరే, నువ్వు పంపిన కాపీ చూశాను. ఫోన్‌లో వేళ్లతో లాగి పెద్దది చేశాను. లెటర్‌హెడ్ మసకగా ఉంది, కింద సంతకం మాత్రం కొత్త ఇంకులా నల్లగా ఉంది. రెండూ ఒకే కాగితాన్ని స్కాన్ చేసినవైతే రెండూ ఒకేలా ఉండాలి. తేదీ పక్కన గురువారం అని ఉంది. క్యాలెండర్ తీశాను, ఆ తేదీ శుక్రవారం. ‘అందరు విద్యార్థులకు తెలియజేయడమేమనగా’ అని పెద్ద పద్ధతిగా మొదలుపెట్టి చివర్లో ‘వెంటనే అందరికీ షేర్ చేయండి’ అన్నారు. ఏ రిజిస్ట్రారూ నోటీసులో షేర్ చేయమని రాయడు. ఆయనకు నోటీసు బోర్డు ఉంది.

ఇవన్నీ చదివి ‘అయ్యో, ఇవి చూసి ఉంటే సరిపోయేదే’ అనుకుంటావేమో. ఇక్కడే ఆగు. ఈ నోటీసు చేసినవాడు బద్ధకస్తుడు కాబట్టి దొరికాడు. రేపు ఇంకొకడు క్యాలెండర్ చూసుకుని చేస్తాడు. అక్షరదోషాల్లేకుండా రాసిపెట్టే ఏఐ ఎలాగూ వచ్చేసింది. కాగితాన్ని ఎంతసేపు చూసినా నిజం కాగితంలో ఉండదు. బయట ఉంటుంది.

ఇది నా సొంత తెలివేమీ కాదు. అమెరికాలోనే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్లు 2017లో ఒక పరిశోధన వెలువరించారు. పదిమంది చరిత్ర ఆచార్యులు, వార్తల నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్నవాళ్లు పదిమంది, పాతికమంది విద్యార్థులు. అందరికీ కొన్ని వెబ్‌సైట్లు చూపించి వీటిని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పమన్నారు. అందులో పిల్లల డాక్టర్ల సంఘాలు రెండున్నాయి. పేర్లు దాదాపు ఒకటే. ఒకటి 1930 నుంచీ ఉన్న పెద్ద సంఘం, రెండోది దాన్నుంచి విడిపోయిన కొద్దిమంది పెట్టుకున్నది. విద్యార్థులూ, చాలామంది ఆచార్యులూ కూడా ఆ పేజీలోనే ఉండిపోయారు. లోగో బాగుందా, కింద ఆధారాలు ఇచ్చారా, పేరు గంభీరంగా ఉందా అని పైనుంచి కిందికి చదువుతూ కూర్చున్నారు. వృత్తివాళ్లు అలా చదవలేదు. అర నిమిషం కాకముందే ఆ పేజీ వదిలి, పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి, ‘ఈ సంఘం గురించి మిగతావాళ్లు ఏమంటున్నారు’ అని వెతికారు. తక్కువ చదివి ఎక్కువ తెలుసుకున్నారు.

మన ఊళ్లో పెళ్లి సంబంధం చూసేటప్పుడు చేసేది అదే కదమ్మా. అబ్బాయి ఫొటోని ఎంతసేపు చూస్తాం? పక్కవీధిలో ఎవరినైనా అడుగుతాం.

నీ నోటీసు విషయంలో పక్కవీధి అంటే ఏమిటి? యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో నోటీసుల పేజీ. ఆ అడ్రసు కూడా మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కి చేరకూడదు, నువ్వే టైపు చేసి వెళ్లాలి. చదువు సంస్థలకు ఏసీ డాట్ ఇన్, ఈడీయూ డాట్ ఇన్, ప్రభుత్వానికి జీఓవీ డాట్ ఇన్ అని చివర ఉంటుంది, వాటిని ఎవరు పడితే వాళ్లకు ఇవ్వరు. సైటు తెరుచుకోలేదా, హాస్టల్ వార్డెనుకో, డిపార్ట్‌మెంట్ ఆఫీసుకో ఒక్క ఫోన్. మూడోది ఆలోచన మాత్రమే, ఖర్చు లేదు. ఇదే నిజమైతే ఇంకా ఎవరికి తెలిసుండాలి? తుపానుకు సెలవులంటే ఒడిశాలో స్పెషల్ రిలీఫ్ కమిషనర్ ఆఫీసో, జిల్లా కలెక్టరో ఒక మాట అంటారు. టీవీ స్క్రోలింగ్‌లో వస్తుంది. పక్క కాలేజీ పిల్లలకు తెలుస్తుంది. మీ ఒక్క గ్రూపుకే తెలిసిన వాయిదా ఏం వాయిదా?

వాతావరణం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ప్రతి అక్టోబరులోనూ ‘గోపాల్‌పూర్ రేవులో పదకొండో నంబరు ఎగరేశారు, రాత్రి రెండింటికి సముద్రం ఊళ్లోకి వస్తుంది’ అని ఒక ఆడియో తిరుగుతుంది. రేవులో ఎగరేసే ప్రమాద సూచికల్లో ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదానికి గుర్తులు. పదకొండుకు అర్థం వేరు. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం చెడేలా ఉందని ఆ రేవు అధికారి అనుకుంటున్నాడని. ఆ ఆడియో చేసినవాడికి అంకె పెద్దదైతే భయమూ పెద్దదవుతుందని తప్ప ఇంకేమీ తెలీదు. అసలు వాతావరణ శాఖ బులెటిన్ ఒకసారి తీసి చూడు. నంబరు ఉంటుంది, ఎన్ని గంటలకు ఇచ్చారో ఉంటుంది, తుపాను గోపాల్‌పూర్‌కు ఎటువైపు ఎన్ని కిలోమీటర్లలో ఉందో ఉంటుంది. చప్పగా ఉంటుంది. నాకు అనుభవం మీద తెలిసిందేమిటంటే, నిజమైన హెచ్చరిక చప్పగానే ఉంటుంది. వాయిస్‌లో ఏడుపు ఉండదు.

కాగితం ఎంత పనిచేస్తుందో చెప్పడానికి మీ పరీక్షల లోకం నుంచే ఒక ఉదాహరణ. 2024 జూన్ 18న కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్ జరిగింది. తొమ్మిది లక్షల పైచిలుకు మంది రాశారు. మీ సీనియర్లు కూడా రాసే ఉంటారు. మర్నాడే రద్దన్నారు. పేపరు ముందే బయటికి వచ్చిందని టెలిగ్రామ్‌లో తిరిగిన స్క్రీన్‌షాట్ అందుకు ఒక కారణం. తర్వాత సీబీఐ చూస్తే అది దిద్దిన స్క్రీన్‌షాట్. పరీక్ష అయ్యాక తీసిన ఫొటోకి ముందు తేదీ తగిలించారు. 2025 జనవరిలో సీబీఐ ఆ కేసు మూసివేయమంటూ నివేదిక ఇచ్చింది. ఈలోగా ఆగస్టు, సెప్టెంబరుల్లో పిల్లలందరూ మళ్లీ రాశారు. మీ జూనియర్లకు పోయింది ఒక పేపరు. అక్కడ తొమ్మిది లక్షల మందికి రెండు నెలలు పోయాయి. నీకు ఓదార్పుగా చెబుతున్నాననుకోకు. స్క్రీన్‌షాట్‌లో టైము, తేదీ కనిపిస్తే అదే సాక్ష్యమని మనకో నమ్మకం ఉంది చూడు, అది పోవాలని చెబుతున్నాను.

ఇక్కడ ఒక మాట. ఆంధ్రా, ఒడిశా సరిహద్దులో పెరిగిన పిల్లలకు, మీకు తెలియకుండానే ఒక ఆస్తి ఉంది. తెలుగు, ఒడియా, హిందీ, కొంత ఇంగ్లీషు. హైదరాబాద్‌లో ఉన్నవాడికి ఒడియా బోర్డు కనిపిస్తే గుండ్రటి అక్షరాలే అనుకుంటాడు. నువ్వు చదువుతావు. వీడియో వస్తే మొదట ముఖాలు చూడకు, గోడలు చూడు. కొట్టు బోర్డు, పార్టీ పోస్టరు, బండి నంబరు. ఒడిశా బళ్లకు 2012 దాకా ఓఆర్, ఆ తర్వాత ఓడీ. మీ గంజాం బండి అయితే ఓడీ 07. తెలంగాణలో టీఎస్ పోయి టీజీ వచ్చింది 2024 మార్చిలో. ‘నిన్న రాత్రి భువనేశ్వర్‌లో’ అన్న వీడియోలో బళ్లన్నీ ఓఆర్ నంబర్లే అయితే అది నిన్నటిది కాదని చెప్పడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో వేస్తే అంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చాలాసార్లు దొరుకుతుంది. నేను ఆ తమిళ బస్సు ఫొటోకి ఆ పని చేసి ఉంటే మా చెల్లెలు ఆ పూట అన్నం తినేది.

ఈ ఆస్తి ఎంత విలువైనదో 2023 జూన్ 2 తర్వాత తెలిసింది. బాలాసోర్ జిల్లా బహనాగాలో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం. మన బరంపురం మీదుగా రోజూ పోయే బండి. అందులో మనవాళ్లూ ఉన్నారేమోనని ఇళ్లలో పొయ్యి వెలగని రాత్రి అది. శవాలింకా లెక్కతేలకముందే డ్రోన్ ఫొటో ఒకటి మొదలైంది. పట్టాల పక్కన తెల్లటి కట్టడం, దానివైపు ఒక బాణం గుర్తు. ‘పక్కన మసీదు, రోజు శుక్రవారం’ అని కింద రాత. చెప్పకనే చెప్పడం. ఆ కట్టడం ఇస్కాన్ గుడి. బాలాసోర్ వైపు ఎవరికైనా ఫోన్ చేసి ఒడియాలో అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవారు. నిజనిర్ధారణ చేసేవాళ్లు అక్కడి ఫొటోలు తెప్పించి తేల్చారు, ఒడిశా పోలీసులు ప్రమాదానికి మతం రంగు పులమొద్దని హెచ్చరించారు. విచారణలో తేలింది సిగ్నల్ వ్యవస్థలో జరిగిన లోపం. ఆ ఫొటో నా దగ్గరికి వచ్చింది తెలుగు రాతతో, ఒడిశా మొహం చూడని మనిషి నుంచి. ఇలాంటప్పుడు సరిహద్దు ఊళ్లవాళ్లు ‘అది గుడి, మా పక్క స్టేషనే’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. అందుకే గ్రూపుల్లోంచి బయటికి రావద్దంటున్నాను. పొద్దస్తమానం గుడ్ మార్నింగులు వచ్చేవాటిని మ్యూట్ చేసుకో, ఎవరు నడుపుతున్నారో తెలియని గ్రూపు ఏదైనా ఉంటే వదిలెయ్. హాస్టల్ గ్రూపులో మాత్రం ఉండు.

ఏదీ నమ్మబుద్ధి కావడం లేదన్నావు. దాని గురించే నాకు ఎక్కువ దిగులు. అన్నీ నమ్మడం లాగే, ఏదీ నమ్మకపోవడమూ బద్ధకమే. రెండింటిలోనూ కనుక్కునే పని తప్పుతుంది. 1999 అక్టోబరు 29న ఒడిశా మీద పెనుతుపాను విరుచుకుపడితే దాదాపు పదివేల మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మీ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అదీ చిన్నదేం కాదు. పోయినవాళ్లు పదుల్లోనే. ముందే దాదాపు పది లక్షల మందిని తుపాను షెల్టర్లకూ పక్కా కట్టడాలకూ తరలించారు. వాళ్లు వెళ్లారంటే, మైకులో వచ్చిన మాట నమ్మారు. అప్పుడు గంజాం పల్లెల్లో ‘ఇవన్నీ ఫేకు’ అనేవాళ్లు నాలుగో వంతు ఉండుంటే ఏమయ్యేదో ఊహించుకో. నీకు కావాల్సింది అనుమానం కాదమ్మా, ఎవరిని అడగాలో తెలియడం. వాతావరణానికి వాతావరణ శాఖ. పరీక్షకు పరీక్షల విభాగం. కేంద్ర ప్రభుత్వ పథకాల మాటలకు పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ ఉంది, అది ప్రభుత్వం గురించి ప్రభుత్వమే చెప్పే మాట అని గుర్తుంచుకుని చదువు. తెలుగులో హైదరాబాద్ నుంచి ఫ్యాక్ట్‌లీ అనే నిజనిర్ధారణ సంస్థవాళ్లు రాస్తారు. వాళ్లయినా సరే, ఏ ఆధారంతో తేల్చారో చూపించారా లేదా అని చూసుకో.

మిగిలింది మీ నాన్నగారు. నన్నడిగితే ఆయనది నీకంటే సులువైన కేసు. నువ్వు చెబుతున్న తీరులోనే ఏదో తేడా ఉంది.

మా తరం వాళ్లం అచ్చులో పడిందంటే ఎవరో ఒకరు చూసే వేశారన్న లోకంలో పెరిగాం. అది ఉత్త భ్రమేం కాదు, డెస్కులో నాలాంటివాడు ఒకడు ఉండేవాడు. ఇప్పుడు ఫోన్‌లో వచ్చేదానికి డెస్కు లేదు. ఆ డెస్కు ఎవరు తీసేశారో మాకెవరూ చెప్పలేదు. 2016 నవంబరులో కొత్త రెండువేల నోటులో చిప్ ఉందని, భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహానికి తెలిసిపోతుందని నాతో వాదించినవాడు ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాడు. 2023లో ఆ నోటునే వెనక్కి తీసుకున్నారు. చిప్ సంగతి మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. స్నేహం ముఖ్యం.

మీ చుట్టాల గ్రూపులో అందరి ముందూ ‘నాన్నా, ఇది ఫేక్’ అని ఒక ఇంగ్లీషు లింకు పెడుతున్నావా? పెడుతుంటే మానెయ్. నలుగురిలో కూతురు దిద్దితే ఏ తండ్రికైనా ఆ వార్త సొంత బిడ్డయిపోతుంది, వదలడు. ఫోన్ చెయ్యి. తప్పని చెప్పకు, అడుగు. ‘నాన్నా, అది మీకెవరు పంపారు? ఆయనకి ఎవరు పంపారట?’ రెండో ప్రశ్న దగ్గరే సగం వార్తలు చచ్చిపోతాయి. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థమని చూపించు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు వచ్చారని పుకార్లు లేచి, దేశంలో చాలాచోట్ల అమాయకులను కొట్టి చంపారు. మహారాష్ట్రలో ధులే జిల్లా రైన్‌పాడాలో జులై 1న ఒకేసారి ఐదుగురు దేశదిమ్మరులు పోయారు. ఆ నెలలోనే వాట్సాప్ మనదేశంలో ఒకసారి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020లో, చాలా చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారి ఒక్కరికే పంపేలా చేసింది. ఊరికే చేయలేదు.

ఆ పుకార్ల వెనక తిరిగిన వీడియో ఒకటి మీ నాన్నగారికి చూపించదగ్గది. బైకు మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి లాక్కుపోతారు. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అది కరాచీలో పిల్లల భద్రత గురించి జనాన్ని మేలుకొలపడానికి తీసిన చిన్న సినిమా. అసలు దాంట్లో ఆ ఇద్దరూ పిల్లాణ్ణి వెనక్కి తెచ్చి దించి, పిల్లలు మాయమవడానికి ఒక్క క్షణం చాలని రాసిన అట్ట ఎత్తి చూపిస్తారు. మనవాళ్లు ఆ చివరి ముక్క కోసేశారు. మొత్తం వీడియో ఒకసారి, కోసింది ఒకసారి పక్కపక్కన చూపించు. నువ్వేమీ చెప్పనక్కర్లేదు. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అంటారేమో, పొగ మాత్రమే అమ్మే కొట్లు ఉన్నాయని అప్పుడు ఆయనకే అర్థమవుతుంది.

ఇంకో చిట్కా, ఇది మా ఇంట్లో పనిచేసింది. ఆయనకు తెలిసినదాని గురించి నువ్వే ఒక ఫార్వర్డు పంపి ‘ఇది నిజమా నాన్నా, మీరు కనుక్కుని చెప్పండి’ అను. ధాన్యం రేటో, పాతపట్నం రోడ్డో, పింఛనో. ఆయన నలుగురికి ఫోన్ చేస్తారు. సాయంత్రానికి ‘ఒట్టి గాలి వార్త’ అని తేల్చి నీకే చెబుతారు. అలా రెండు మూడు సార్లు అయ్యాక రోజుకు ఇరవై వచ్చేచోట పది వస్తాయి. సున్నా మాత్రం రావు, ఆశ పెట్టుకోకు. మిగతా పదింటిలో దేవుడి ఫొటోలు ఎలాగూ ఉంటాయి.

ఒక పని మర్చిపోకు. ఆ నోటీసు నీకు ఎవరు పంపారో ఉత్తరంలో రాయలేదు, అడగను కూడా. కానీ ఆ మనిషికి ఇవాళ రాత్రి ఫోన్ చెయ్యి. నువ్వు డిలీట్ చేసి ఊరుకున్నట్టే తనూ ఊరుకుని ఉంటుంది. తన దగ్గర్నుంచి ఇంకెన్ని గ్రూపులకు పోయిందో తనకే తెలుసు.